ములుగులో తాడు కట్టి ఎక్కించిన టైరు

2021లో రామప్ప గుడికి యునెస్కో గుర్తింపు వచ్చినప్పటి నుంచి మా ఆవిడ రామప్ప, రామప్ప అంటూనే ఉంది. మొన్న ఆదివారం కుదిరింది. హన్మకొండలో అత్తగారింట్లో టిఫిన్ చేసి బయల్దేరాం. గూడెప్పాడ్ దాటాక కారు ఎడమవైపుకు గుంజడం మొదలుపెట్టింది. ముందు టైరులో గాలి దిగిపోతోంది.

రోడ్డు పక్కన పంక్చర్ షాపతను టైరు ఊడదీసి లోపల ప్యాచ్ వేశాడు. మళ్లీ రిమ్ముకు ఎక్కించి గాలి పెడితే అసలు నిలవలేదు. కొట్టిన గాలి కొట్టినట్టే అంచుల్లోంచి బుస్సున బయటికి పోతోంది. కాసేపు టైరును అటూ ఇటూ తన్ని చూసి, "టైరు అంచు, బీడింగ్ పోయింది సార్, కొత్తది వేస్కోండి, నాలుగున్నర వేలు" అన్నాడు. సగం కూడా అరగని టైరది. ఒళ్లు మండింది. పని కాకపోయినా ప్యాచ్‌కి 200 తీసుకున్నాడు. స్టెప్నీ బిగించుకుని కదిలాం గానీ, ఆ పాత స్టెప్నీ మీద అంత దూరం పోవాలంటే టెన్షన్‌గానే ఉంది.

ములుగులో ఒక రేకుల షెడ్డు కనిపిస్తే ఆపాను. అక్కడి పెద్దాయన గాలి పైపు ముట్టుకోనేలేదు. ముందు టైరు అంచు చుట్టూ వేలితో తడిమాడు, తర్వాత రిమ్ము గీకి చూశాడు. "టైరు మంచిగనే ఉంది బిడ్డా. రిమ్ముకే తుప్పు" అన్నాడు.

ట్యూబ్‌లెస్ టైరు సంగతి ఆయన చెప్పాకే నాకు సరిగా అర్థమైంది. లోపల ట్యూబు లేదు కాబట్టి టైరు రెండు అంచులూ రిమ్ముకు ఆనుకుంటేనే గాలి ఆగుతుంది. ఆనుకోవాలంటే లోపలి నుంచి గాలి నెట్టాలి. సందు పెద్దగా ఉంటే, చిన్న కంప్రెసర్ ఇచ్చే గాలి కంటే బయటికి పోయేదే ఎక్కువ. ఇక ఎంతసేపు కొట్టినా అంతే.

వైరు బ్రష్‌తో, గరుకు కాగితంతో రిమ్ము అంచు మెరిసేదాకా రుద్దాడు. సబ్బు నీళ్లు దట్టంగా పట్టించాడు. గాలి ఒక్కసారిగా లోపలికి పోవాలని వాల్వులోని పిన్ను తీసేశాడు. తర్వాత టైరు మధ్యభాగం చుట్టూ తాడు కట్టి, అందులో ఇనుప కడ్డీ దూర్చి మెలిపెట్టాడు. మధ్యలో నొక్కుకుపోయేసరికి రెండంచులూ పక్కలకు విచ్చుకుని రిమ్ముకు ఆనాయి.

అక్కడ నిలబడ్డ ఒక కుర్రాడు ఫోన్లో వీడియో చూపించి, "ఇంత పెట్రోల్ పోసి అంటిస్తే అదే ఎక్కుతది తాతా" అన్నాడు. పెద్దాయనకు నిజంగా కోపం వచ్చింది. "ఆ మంట నీ చేతుల ఉంటదా? లోపల ఆవిరి మిగిలితే ఎప్పుడు పేలుతదో ఎవలికెరుక?" అన్నాడు. నాకు మా నాన్న గుర్తొచ్చారు. ఆయన లారీ నడిపే రోజుల్లో చక్రాలకు ట్యూబు, దాని కింద ఫ్లాపు అనే రబ్బరు పట్టీ, పైన ఇనుప రింగు ఉండేవి. గాలి పెట్టేటప్పుడు రింగు ఎగిరొచ్చి తగులుతుందని మమ్మల్ని ఆ దరిదాపులకు రానిచ్చేవారు కాదు.

పైపు పెట్టి గాలి ఎక్కించారు. అంచులు పట్టుకోగానే ఆయన తాడు వదులు చేసి చేతులు వెనక్కి తీసుకున్నాడు. ఠప్, కాసేపాగి ఇంకోటి ఠప్! రెండు వైపులా కూర్చుంది. మీటరు 35 దగ్గరుంది. 40 దాటనివ్వకూడదట. అప్పటికీ ఎక్కకపోతే గాలి తీసేసి, మళ్లీ సబ్బు నీళ్లు పట్టించి మొదలుపెట్టాలి గానీ ఇంకా ఎక్కిస్తూ పోకూడదన్నాడు. పైపు తీసి పిన్ను బిగించే లోపు గాలంతా పోయినా అంచులు కదల్లేదు. మళ్లీ 33 దాకా నింపి, చుట్టూ సబ్బు నీళ్లు పోసి చూశాడు. ఎక్కడా బుడగ లేదు.

ఎంతయింది అని అడిగితే 150 అన్నాడు. అంత కష్టానికి అదా? 300 చేతిలో పెడితే వంద వెనక్కిచ్చేశాడు.

జంగాలపల్లి దగ్గర తిరిగి పాలంపేట చేరేసరికి ఎండ తగ్గింది. 1213 నాటి గుడి, ఆ నల్లరాతి మదనికల శిల్పాలు చూస్తూ మా ఆవిడ కదల్లేదు. లక్నవరం చెరువు వదులుకున్నాం. రాత్రి హన్మకొండలో పెట్రోల్ బంకు దగ్గర గాలి చూపించాను. 33 ఏమాత్రం తగ్గలేదు. ఈ వారంలో మిగతా మూడు రిమ్ములూ అలాగే గీకించాలి.