రిఫండ్ ఒక్కటే రావాలట

"కంపెనీ క్లోజ్ అయిపోయిందండీ, పేరు కొట్టేసినట్టు గెజిట్‌లో కూడా వచ్చేసింది. రిఫండ్ ఒక్కటే రావాలి." పొద్దున ఒక కంపెనీ డైరెక్టరు అన్న మాట. ఆ "ఒక్కటే" అన్నదే ఇప్పుడు టైపు చేయిస్తోంది.

ఆదాయపు పన్ను రిఫండ్ కంపెనీ పాన్‌తో, కంపెనీ పేరున ఉన్న బ్యాంకు ఖాతాలోనే పడుతుంది. డైరెక్టరు సొంత ఖాతాలో పడదు. ఆ ఖాతానేమో మూసేసి, మూసినట్టు బ్యాంకు ఇచ్చిన ఉత్తరాన్ని కంపెనీ పేరు రిజిస్టరు నుంచి కొట్టేయమని వేసే ఎస్‌టీకే-2 దరఖాస్తుకు జతచేసి పంపేశారు. కొత్తది తెరుద్దామంటే ఎంసీఏ (కంపెనీ వ్యవహారాల శాఖ) సైట్‌లో కంపెనీ పేరు పక్కన "స్ట్రక్ ఆఫ్", అంటే కొట్టేశామని ఉంటుంది. ఏ బ్యాంకు తెరుస్తుంది?

చట్టం తలుపు పూర్తిగా మూయలేదు. రావలసింది రాబట్టుకోవడానికి, ఇవ్వవలసింది ఇవ్వడానికి మటుకు కంపెనీ ఉన్నట్టేనని కంపెనీల చట్టం సెక్షన్ 250 అంటుంది. డైరెక్టర్ల బాధ్యత కూడా పోదని 248(7). నాకు ఒళ్లు మండేది ఇక్కడే. అప్పులవాడొస్తే ఆ తలుపు ఇట్టే తెరుచుకుంటుంది. మన డబ్బు కోసం మనం వెళ్తే కౌంటరు దాటదు. చివరికి సెక్షన్ 252 కింద ఎన్‌సీఎల్‌టీ అనే కంపెనీల ట్రిబ్యునల్‌కి వెళ్లి కంపెనీని మళ్లీ రిజిస్టరులోకి ఎక్కించుకోవాలి. గెజిట్ ప్రకటన నుంచి 20 ఏళ్ల దాకా గడువుంది, నిజమే. కానీ వకీలు ఫీజు, ఆర్డరు సర్టిఫైడ్ కాపీని 30 రోజుల్లో దాఖలు చేయడం, ఆగిపోయిన రిటర్నులన్నీ ఆలస్య రుసుముతో కట్టడం... ఏటా వేయాల్సిన ఏఓసీ-4 (లెక్కలు), ఎంజీటీ-7 (వార్షిక రిటర్ను) ఒక్కోదానికి రోజుకు 100 రూపాయలు. ఏడాది ఆలస్యమైతే రెండింటికీ కలిపి 73,000. చిన్న రిఫండైతే అందులోనే కొట్టుకుపోతుంది.

2017 సెప్టెంబరు గుర్తొస్తోంది. 2,09,032 కంపెనీల పేర్లు కొట్టేశామని, వాటి ఖాతాలు ముట్టుకోనివ్వద్దని కేంద్రం బ్యాంకులకు చెప్పింది. ట్రిబ్యునల్ పునరుద్ధరించేదాకా పాత డైరెక్టర్ల సంతకం చెల్లదు. వరసగా మూడేళ్లు రిటర్నులు వేయలేదని లక్ష మందికి పైగా డైరెక్టర్లు అయిదేళ్లపాటు అనర్హులయ్యారు. ఖాతాలో డబ్బు కళ్లెదుట కనిపిస్తున్నా తీసుకోలేకపోవడమంటే ఏమిటో అప్పుడే అందరికీ తెలిసొచ్చింది. అది ప్రభుత్వం కొట్టేసిన పేరు. ఈయన కంపెనీది ఆయనే కోరి కొట్టేయించుకున్న పేరు. చిక్కు మాత్రం అదే.

ఇక్కడిదాకా రాసి ఆగాను. తొందరపడ్డాడని ఇందాకటి నుంచి ఆయన్నే మనసులో తప్పుపడుతూ వచ్చాను, అది సరికాదు. వ్యాపారం లేదన్న కారణంతో పేరు కొట్టేయమని అడగాలంటే రెండు ఆర్థిక సంవత్సరాలు ఖాళీగా ఉండాలి. ఇక తొందరెక్కడిది? వ్యాపారం నడిచిన ఏటి రిఫండ్ ఈలోపే వచ్చేసి ఉంటుంది. మరి ఇదెక్కడిది? ఎఫ్‌డీది అయ్యుండాలి. ఖాళీగా ఉన్న డబ్బును ఎఫ్‌డీలో వేస్తారు, వడ్డీ మీద బ్యాంకు 10 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కోస్తుంది. పన్ను కోయొద్దని వ్యక్తులు ఇచ్చే ఫారం కంపెనీ ఇచ్చే వీల్లేదు. అందుకే ఆఖరి ఏడాదిలో కూడా ఒక రిఫండ్ పుడుతుంది.

అందుకని ఎఫ్‌డీని మార్చి 31 లోపే కరెంటు ఖాతాలోకి దించేయాలి. ఆ ఏటి రిటర్ను వేసి, రిఫండ్ పడేదాకా ఆగాలి. ఈలోపు జీఎస్టీ రద్దుకు ఆర్‌ఈజీ-16, రద్దయిన మూడు నెలల్లోపు చివరి రిటర్ను జీఎస్‌టీఆర్-10 (చాలామంది మరిచేది ఇదే), చివరి టీడీఎస్ రిటర్ను వేశాకే టాన్ (టీడీఎస్ నంబరు) సరెండర్, పీఎఫ్, ఈఎస్‌ఐ, వృత్తి పన్ను నంబర్ల రద్దు. డబ్బు పంచుకున్నాకే ఖాతా మూత. అప్పుడు సీఏ సంతకంతో లెక్కల పత్రం ఎస్‌టీకే-8, అది దరఖాస్తు నాటికి 30 రోజులకు మించి పాతది కాకూడదు. డైరెక్టర్ల ఇండెమ్నిటీ బాండు ఎస్‌టీకే-3, అఫిడవిట్ ఎస్‌టీకే-4, పదివేల ఫీజుతో ఎస్‌టీకే-2. పాన్ సరెండర్ అన్నిటికన్నా చివర.

రేపు ఫోన్ చేసి కోసిన పన్ను వివరాలుండే 26ఏఎస్ పంపమనాలి. రిఫండ్ ఎంతో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.