మా పెరటి కుంటకి రెండు కార్తీకాలు

సాలూరు దాటి ఘాటీ ఎక్కితే సుంకి, పొట్టంగి, ఆపైన మేముండే సెమిలిగుడ, ఒడిశాలోని కోరాపుట్ జిల్లాలో. పొద్దున్నే బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి పుట్టింట్లో ఉంటాను. నాదీ ప్రవాసమే అంటే అమెరికాలో ఉన్న చెల్లి నవ్వుతుంది. నిజమే, 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిగా ఏర్పడేదాకా కోరాపుట్ కూడా విశాఖపట్నం జిల్లాలోదే. కానీ పిల్లలు కలవరింతలు కూడా ఒడియాలో కలవరిస్తుంటే, మూడు గంటల దూరమైనా దూరమే.

పెరట్లో మాకో చేపల కుంట ఉంది. కుంట అనడమే గానీ 10 అడుగుల పొడవు, 4 అడుగుల లోతున్న సిమెంటు తొట్టి. డజను గోల్డ్‌ఫిష్‌లు, మూడు శీలావతులు. మా అమ్మాయికవి రొహి మాఛ, పేర్లు పెట్టుకున్న నేస్తాలు. మా అత్తగారికి పులుసు.

పోయిన చలికాలం నాలుగు చచ్చి తేలాయి. తప్పు మాదే. చలికి పాపం ఆకలేస్తుందని చిన్నోడు రోజూ పొద్దున్నే ఇడ్లీ ముక్కలు వేసేవాడు. నేను చూసి మురిసిపోయేదాన్ని. చేపకి సొంతంగా ఒంటివేడి ఉండదు, నీళ్ళు ఎంత చల్లగా ఉంటే అదీ అంతే. 10 డిగ్రీల దగ్గరికొస్తే అరుగుదల దాదాపు ఆగిపోతుంది. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో ఇక్కడి చలి సంగతి తెలిసిందే. వేసిన ఇడ్లీ వేసినట్టే అడుగున కుళ్ళి, అమ్మోనియా చేరి నీళ్ళు విషమైపోయాయి.

అందుకని ఈసారి దసరా వెళ్ళగానే మొదలుపెట్టాం. నీళ్ళన్నీ ఒకేసారి తోడేస్తే చేపలు తట్టుకోలేవు. మూడో వంతే తోడి, తొడలదాకా నీళ్ళలో దిగాను. చెంబు బోర్లించి అడుగుదాకా నొక్కి, అక్కడ వెల్లకిలా తిప్పితే లోపలి గాలి బుడబుడమని పైకొచ్చి, దాని చోట్లోకి నల్లటి బురద దూరుతుంది. కుళ్ళిన కోడిగుడ్డు వాసన! చిన్నోడు ముక్కు మూసుకుని మరీ ఒక్కో చెంబూ లెక్కపెట్టాడు. ముప్ఫై దాకా తెలుగులో లెక్కపెట్టి, అక్కడ్నించి ఒడియాలోకి జారుకున్నాడు. ఆ బురదంతా చిక్కుడు పాదుకి పోశాం. కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుందని, డ్రముల్లో పట్టి రెండ్రోజులు ఎండలో ఉంచి, రోజుకి కాస్త చొప్పున కుంట నింపాం. మునగాకు రాలి పడకుండా పైన పాత దోమతెర కట్టాం.

ఇంటర్నెట్‌లో చూస్తే అన్నీ మంచు కురిసే దేశాల వీడియోలే. నీటి మీద గడ్డ కట్టకుండా ఒకచోట ఖాళీ ఉంచాలట, లోపలి చెడు వాయువులు పోవడానికి. సుత్తితో పగలగొట్టకూడదట, ఆ అదురుకి చేపలకి దెబ్బట. మన కుంట గడ్డకట్టదని తెలిసి చిన్నోడు రెండ్రోజులు ముఖం మాడ్చుకున్నాడు.

మేత మాత్రం ఇప్పుడు మధ్యాహ్నమే, అదీ చిటికెడు. నీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయో అమ్మాయి రోజూ థర్మామీటరు ముంచి చూసి, క్యాలెండరు వెనక ఒడియా అంకెల్లో రాస్తుంది. మన అక్షరాల్లాగే గుండ్రంగా ఉన్నాయి కదా అని మా అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని చదవబోయి, "ఏటే గుంటా ఇది, నీ సొంత బాసా?" అంది.

అసలు పేచీ కార్తీకంతో వచ్చింది. ఒడియా వాళ్ళ నెల పున్నమితో ముగుస్తుంది, మనది అమావాస్యతో. వాళ్ళ కార్తీకంలో చివరి ఐదు రోజులు పంచుక. ఆ ఐదు రోజులూ కొంగ కూడా చేపని ముట్టదంటారు, బగ పంచుక అని దానికి పేరే ఉంది. పున్నమి తెల్లవారుజామున బొయితొ బందాణొ. పూర్వం బాలి, జావాలకి ఓడల్లో వెళ్ళిన వర్తకుల గుర్తుగా, అరటి దొప్ప పడవల్లో తాంబూలం, దీపం పెట్టి నీళ్ళలో వదులుతారు. ఆ మర్నాడు ఛాడఖాయి. నెలంతా నోరు కట్టుకున్న ఊరు ఊరంతా చేపలు, మాంసం వండుకుంటుంది.

"మామ్మా, కార్తీకం అయిపోయింది, పక్కింటి మావుసి చేపల కూర పంపిస్తానంది" అని అమ్మాయి ఎగురుకుంటూ వచ్చింది.

"మనకింకా సగం నెలుంది. పోలి పాడ్యమికి దీపాలొదిలినాకే చేప."

చంద్రుడు ఒక్కడే కదా, నెలలు రెండెలా అని అది నన్ను నిలదీసింది. పున్నమికి వాళ్ళూ, అమావాస్యకి మనమూ నెల మారుస్తామని గోడ మీద బొగ్గుతో గీసి చూపించాను. సరే, రెండూ చేస్తానంది. చేపల కూర తింటుందట, పోలి దీపాలూ వదులుతుందట. అత్తగారు నావైపు చూసింది. నేను బట్టలారేసే పనిలో పడ్డాను.

ఇంతలో పెరట్లో చిన్నోడి కేక. ముందురోజు పడవలు వదలడానికి దోమతెర తీసి, మళ్ళీ కట్టడం మరిచిపోయాం. సిమెంటు గట్టు మీద కొంగ, దాని ముక్కులో నారింజ రంగు తోక ఆడుతోంది. మేం వెళ్ళేసరికి రెక్క విదిల్చి పక్కింటి పనసచెట్టెక్కింది.

అమ్మాయి ఏడుపు లంకించుకుంది. అత్తగారు దాన్ని ఒళ్ళోకి లాక్కుని, పనసచెట్టు వైపు చూస్తూ అంది: "అది మీ ఒడియా కొంగేనే. తెలుగు కొంగైతే అమావాస్య దాకా ఆగీది."