మారేడుమిల్లి అడవిలో దురదలు, మంటలు, చిట్కాలు

రాజమండ్రి నుంచి మారేడుమిల్లి దాదాపు 85 కిలోమీటర్లు, రంపచోడవరం దాటాక రెండు పక్కలా అడవే. కార్తీకమాసంలో అక్కా బావలతో, మేనల్లుడితో కలిసి వెళ్లాను. బొంగులో చికెన్ గురించి, జలతరంగిణి జలపాతం గురించి చాలామంది రాశారు కాబట్టి నేను కుట్టే పురుగుల సంగతే రాస్తాను, పిల్లలతో వెళ్లేవాళ్లకి ఇది కచ్చితంగా పనికొస్తుంది.

అమృతధార జలపాతం దగ్గర మావాడి చేతి మీద తేనెటీగ కుట్టింది. వాడు ఒకటే ఏడుపు. బావ పట్టకారు కోసం కారు వైపు పరిగెత్తాడు, అక్కేమో సున్నం దొరుకుతుందా అని టీ కొట్టావిడని అడుగుతోంది. ఆవిడ "ముందు ముల్లు తియ్యాలమ్మా, సున్నం సంగతి తరవాత" అంటూనే వాడి చెయ్యి పట్టుకుని గోటితో గీరి తీసేసింది. నాకు ఆవిడకి దండం పెట్టాలనిపించింది. తేనెటీగ ముల్లుకి వెనక్కి తిరిగిన కొక్కేలుంటాయి, అందుకే అది విషపు తిత్తితో సహా చర్మంలోనే ఉండిపోతుంది, ఈగ పోయినా ఆ తిత్తి విషాన్ని లోపలికి పంపుతూనే ఉంటుంది. గీరినా లాగినా పెద్ద తేడా లేదు, ఎంత తొందరగా తీశామన్నదే ముఖ్యం. కందిరీగైతే ముల్లు వదలదు, ఒక్కటే మళ్లీ మళ్లీ కుట్టగలదు.

తరవాత ఆవిడే ఉల్లిపాయ కోసి రుద్దింది. వాడికి కాస్త హాయిగానే అనిపించింది, కానీ మంట నిజంగా తగ్గింది మాత్రం సబ్బుతో కడిగి, కూల్‌డ్రింకుల పెట్టెలోని ఐసు ముక్కని గుడ్డలో చుట్టి పెట్టాకే. సున్నం నేను వద్దన్నాను. తేనెటీగ విషం ఆమ్లం, సున్నం క్షారం కాబట్టి విరుగుడని మన ఇళ్లలో అంటారు గానీ, విషం దిగేది చర్మం లోపలికి, పైన పూసింది అక్కడిదాకా పోదు. పైగా ఘాటు సున్నానికి పసిచర్మం పొక్కిపోతుంది.

రాత్రి కాటేజీలో దోమలు అందరి కాళ్లూ దద్దుర్లెక్కించాయి. దోమ లాలాజలానికి మన ఒళ్లు హిస్టమిన్ అనే రసాయనాన్ని విడుదల చేస్తుంది, దురద దానివల్లే, గోకే కొద్దీ ఎక్కువవుతుంది. చల్లటి తడిగుడ్డ వేసుకున్నాం, అక్క వంటసోడా కొంచెం నీళ్లతో ముద్దలా కలిపి రాసింది, పది నిమిషాలకి కడిగేశాం. నాకు పనిచేసింది. బావకి పెద్దగా తేడా తెలియలేదు, ఆయన కాలమిన్ లోషన్ రాసుకుని పడుకున్నాడు.

ఒక్క విషయంలో మాత్రం ఏ చిట్కా మీదా ఆధారపడకండి: కుట్టాక పెదాలో నాలుకో వాచినా, ఊపిరి ఆడకపోయినా, కళ్లు తిరిగినా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా వెంటనే 108కి ఫోన్ చెయ్యాలి. ఏజెన్సీలో కొన్నిచోట్ల సిగ్నల్ ఉండదు, కాబట్టి దగ్గరి ఆస్పత్రి ఎక్కడుందో వెళ్లేముందే కనుక్కోండి.

ఇంకోటి, ఇది మలేరియా ఉండే ప్రాంతం. రాత్రిళ్లు దోమతెర కట్టుకోండి, ఇంటికొచ్చిన కొన్ని వారాల్లో చలిజ్వరం వస్తే డాక్టరుకి అడవికి వెళ్లొచ్చామని చెప్పి రక్తపరీక్ష చేయించుకోండి. మేం తిరిగొచ్చాక బావకి జ్వరం తగిలితే మర్నాడే చేయించాం, మలేరియా లేదని తేలింది.