నీలి గీత, పచ్చ గీత

పిల్లల్ని పాఠానికి తీసుకొచ్చే తల్లులు నాతో తరచూ అనే మాట: "టీచర్ గారూ, మా అమ్మాయికి శ్రుతి నిలవట్లేదండీ." చెవిలోనే లోపముందేమోనని వాళ్ల భయం. నిజానికి చాలామంది పిల్లల చెవి చక్కగా ఉంటుంది. అయిపోయేది ఊపిరి. ఈ సంగతి ఇప్పుడు నేను ల్యాప్‌టాప్ తెర మీదే చూపిస్తున్నాను.

నేను వాడేది ప్రాట్. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయానికి చెందిన పౌల్ బోర్స్మా, డేవిడ్ వేనింక్ మాటల ధ్వనుల్ని పరిశీలించడానికి తయారుచేసిన ఉచిత సాఫ్ట్‌వేర్ అది. సంగీతం కోసం పుట్టింది కాకపోయినా ఒంటి గొంతును చూడటానికి నాకు ఎంతో నచ్చింది. ఆడాసిటీ అనే రికార్డింగు సాఫ్ట్‌వేర్‌లో రికార్డు చేసి, వేవ్ ఫైలుగా దాచి, ప్రాట్‌లో తెరిస్తే రెండు గీతలు కనిపిస్తాయి. నీలి గీత పిచ్‌ది, అంటే స్వరం ఎంత ఎత్తులో ఉందో చెప్పేది; పచ్చ (ఆకుపచ్చ) గీత శబ్దం ఎంత గట్టిగా ఉందో చెప్పేది. అందరి కళ్లూ నీలి గీత మీదికే పోతాయి. నేను మాత్రం ముందు పచ్చ గీత చూడమంటాను.

అయిదు శ్రుతిలో పాడే అమ్మాయికి షడ్జం, అంటే ఆధారస్వరమైన 'స', సుమారు 196 హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనాలు). పంచమం ('ప') దానికి ఒకటిన్నర రెట్లు, అంటే 294. ఆ పంచమాన్ని ఒక్క ఊపిరిలో అకారంతో, 'ఆ' అంటూ, నిలపమంటాను. మొదట్లో రెండు గీతలూ సూటిగానే నడుస్తాయి. కాసేపటికి పచ్చ గీత వాలడం మొదలవుతుంది. దాని వెనకే నీలి గీత 290 దాకా జారుతుంది. తంబూరా పక్కన ఆ కాస్త తేడా కూడా చెవికి గుచ్చుకుంటుంది. ఊపిరితిత్తుల నుంచి వచ్చే ఒత్తిడి తగ్గితే స్వరతంతువుల కంపన వేగమూ తగ్గుతుంది. సాధన ఉన్న గొంతు కండరాలతో దాన్ని సర్దుకుంటుంది, కొత్త గొంతుకు అది ఇంకా చేతకాదు. అలాంటి పిల్లను పట్టుకుని "శ్రుతి చూసుకో, శ్రుతి చూసుకో" అంటే బెదిరిపోతుంది. "ఇదిగో, ఇక్కడికి రాకముందే ఊపిరి తీసుకో" అని గీత మీద వేలు పెట్టి చూపిస్తే వెంటనే పట్టుకుంటుంది.

తారషడ్జం, అంటే పై 'స', దగ్గర కథ తిరగబడుతుంది. పైకి వెళ్లాలంటే అరవాలనుకుంటారు. పచ్చ గీత ఒక్కసారిగా 10 డెసిబెల్స్ ఎగబాకుతుంది, అంటే చెవికి దాదాపు రెండింతల శబ్దం. నీలి గీత, ఉండాల్సిన 392ను దాటిపోతుంది. అదే స్వరాన్ని మెల్లగా పాడించి చూడండి, చాలాసార్లు సరిగ్గా వచ్చి కూర్చుంటుంది.

ఇదంతా సరిగా కనబడాలంటే రికార్డింగు శుభ్రంగా ఉండాలి. ప్రాట్ ఒకే గొంతు ఉందనుకుని లెక్క కడుతుంది కాబట్టి తంబూరా శబ్దం కలిస్తే తికమకపడుతుంది. అందుకే తంబూరాను పిల్ల చెవిలో ఇయర్‌ఫోన్‌కే పరిమితం చేస్తాను. మే నెలైనా సరే, ఆ రెండు నిమిషాలూ ఫ్యాను ఆపాల్సిందే. పిచ్ హద్దులు 130 నుంచి 700 హెర్ట్జ్ పెడితే అయిదు శ్రుతిలో మంద్ర (కింది) పంచమం నుంచి తార (పై) పంచమం దాకా పడుతుంది. కింది హద్దు మరీ తగ్గిస్తే గీత ఒక్కోసారి ఉన్నట్టుండి సగానికి పడిపోయి, పిల్ల మంద్రంలో పాడినట్టు చూపిస్తుంది. శబ్దాన్ని తనంతట తానే హెచ్చించి తగ్గించే ఫోన్ యాప్‌తో రికార్డు చేసినా, ఆడాసిటీలో శబ్దపు హెచ్చుతగ్గుల్ని చదునుచేసే కంప్రెసర్ వేసినా పచ్చ గీతకు అర్థం ఉండదు. అకారమే ఎందుకంటే, 'ఈ', 'ఊ'ల కంటే 'ఆ' సహజంగానే గట్టిగా పలుకుతుంది. సాహిత్యం, అంటే పాట మాటలు, పాడిస్తే గీతలో హెచ్చుతగ్గులు ఊపిరివో అక్షరాలవో తేలదు.

గమకాల దగ్గర, అంటే స్వరాన్ని ఊపుతూ పలికే చోట్ల, మాత్రం సూటి గీత కోసం వెతకకండి, దయచేసి. తోడి రాగంలోని గాంధారాన్నే ('గ') తీసుకోండి. అదే శ్రుతిలో సాధారణ గాంధారం లెక్క ప్రకారం 235 హెర్ట్జ్. మంచి గాయకుల తోడిలో నీలి గీత అక్కడ నిలవనే నిలవదు. 209 దగ్గరి రిషభం ('రి') వైపు నుంచి లేచి, 261 దగ్గరి మధ్యమం ('మ') వైపు ఊగి, మళ్లీ దిగుతుంది. ఆ ఊపే గాంధారం. దాన్ని 235 దగ్గర మేకు కొట్టినట్టు నిలిపితే అంకె కుదురుతుంది, తోడి పోతుంది. శ్రుతి సరిచూసే యాప్‌లో పచ్చలైటు వెలిగిందా లేదా అని చూస్తూ సాధన చేసే పిల్లల్ని చూస్తే నాకు దిగులేసేది ఇందుకే. ఈ పాఠంలో మార్కులు వేయను. నా గీత, పిల్ల గీత ఒకదాని కింద ఒకటి పెట్టి, ఊపు ఎక్కడ మొదలైంది, మధ్యమం దగ్గర ఎంతసేపు ఆగింది, ఇద్దరం కలిసి చూస్తాం. తర్వాత తెర మూసేసి మళ్లీ పాడిస్తాను.