థర్మామీటర్ మోగిందట, నాకు వినపడలేదు

"మోగింది కదే, ఇంకా చంకలోనే పెట్టుకుని కూర్చున్నావేంటి?" అంది అమ్మ.

నేను నిజంగానే అది మోగడం కోసమే ఎదురుచూస్తున్నాను. డిజిటల్ థర్మామీటర్ జ్వరం చూడటం అయిపోగానే సన్నగా పీప్ పీప్‌మంటుంది కదా, ఆ శబ్దం నా దాకా రాలేదు. అమ్మ పక్కగదిలోకి వెళ్లాక దాన్ని చెవి దగ్గర పెట్టుకుని మళ్లీ మళ్లీ మోగించి చూశాను. కుడి చెవికి ఏమీ లేదు, ఎడమ చెవికి ఎక్కడో గోడ అవతల మోగినట్టు ఉంది. అమ్మ మాటలు మాత్రం బాగానే వినపడుతున్నాయి, ఫోన్లో మామూలుగా మాట్లాడుతున్నాను, అందుకే అప్పటిదాకా చెవులకు ఏదో అవుతోందన్న అనుమానమే రాలేదు.

అది 2017. నాకు ఎండీఆర్ టీబీ, అంటే మందులకు లొంగని టీబీ అని తేలి నాలుగో నెల నడుస్తోంది. మామూలు టీబీకి ఆరు నెలల మాత్రలు చాలు. దీనికి అసలైన రెండు మందులు, ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పనిచేయవు కాబట్టి అప్పట్లో దాదాపు రెండేళ్ల కోర్సు, అందులో మొదటి ఆరు నుంచి తొమ్మిది నెలలు కనామైసిన్ ఇంజెక్షన్. వారానికి ఆరు రోజులు, ఒకరోజు కుడి పక్క, ఒకరోజు ఎడమ పక్క. పొడిచిన చోటల్లా గడ్డలు కట్టి తిన్నగా కూర్చోవడం మర్చిపోయాను. నర్సు గారు ముందు వేలితో నొక్కి మెత్తగా ఉన్న చోటు వెతికేవారు, దొరక్కపోతే "కాస్త ఓర్చుకోమ్మా" అని ఆ గడ్డ పక్కనే పొడిచేవారు. తర్వాత నా కార్డు మీద టిక్కు. ఎన్ని డోసులు పడ్డాయో, బరువెంతో, తెమడ పరీక్షలో ఏం వచ్చిందో అన్నీ అందులో ఉన్నాయి. చెవుల గురించి ఒక్క అక్షరం లేదు.

థర్మామీటర్ సంగతి డాక్టర్ గారికి చెబితే నీరసం వల్ల అన్నారు. వారం తర్వాత చెవిలో గుయ్‌మని హోరు మొదలైంది, రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వదు. మళ్లీ వెళ్లి చెప్పాను. "ప్రాణం ముఖ్యమా, చెవులు ముఖ్యమా చెప్పమ్మా" అన్నారు. దానికి ఏం చెప్తాం? తలొంచుకుని వచ్చేశాను. అలా అడిగితే ఎవరైనా ప్రాణమే అంటారు. ఆ రెండిట్లో ఒకటి వదులుకోక తప్పదన్నది నిజమా కాదా అని అడగాలని మాత్రం అప్పుడు నాకు తట్టలేదు.

తట్టించింది ఒక అక్క. టీబీ నుంచి బయటపడినవాళ్లు కొందరు కలిసి నడుపుకునే చిన్న బృందంలో ఆమె ఉన్నారు. ఇదే ఇంజెక్షన్‌తో ఆమెకు రెండు చెవులూ పూర్తిగా పోయాయి, ఎదుటివాళ్ల పెదవులు చూసి మాటలు పోల్చుకుంటారు. నేను ఏడుస్తూ చెప్తుంటే పెదవులు సరిగా కనపడక, నా చేతికి కాగితం, పెన్ను ఇచ్చారు. హోరు, థర్మామీటర్, డాక్టర్ మాట, అన్నీ రాశాను. దాని కింద ఆమె రాసింది రెండే ముక్కలు. "ఆడియోగ్రామ్ తీశారా? రేపటి సూది కంటే ముందు తీయించు."

ఆడియోగ్రామ్ అంటే బొంగురు శబ్దం నుంచి కీచు శబ్దం దాకా ఏది ఎంత వినపడుతోందో గీతగా చూపించే చెవి పరీక్ష. తీయిస్తే, గీత 2000 హెర్ట్జ్ దాకా తిన్నగా వచ్చి, అక్కణ్నుంచి మెట్లు దిగినట్టు కిందికి పోయింది. కనామైసిన్ లాంటి మందులు లోపలి చెవిలో ఉండే సన్నటి వెంట్రుకల్లాంటి కణాలను చంపేస్తాయి, ఒకసారి చచ్చినవి మళ్లీ మొలవవు. సన్నటి కీచు శబ్దాలు ముందు పోతాయి, మాటలు వినపడటం ఆ తర్వాత తగ్గుతుంది. అంటే మాటలు వినపడట్లేదని మనం గుర్తుపట్టే సరికి చాలా భాగం అయిపోయి ఉంటుంది. ఈ సంగతి దశాబ్దాలుగా తెలుసు! అయినా నాకు మొదటి సూది వేసే ముందు ఎవరూ చెవి పరీక్ష చేయలేదు, తర్వాతా చేయలేదు.

అక్క, ఇంకో ఇద్దరు నాతో వచ్చి ఆ ఆడియోగ్రామ్ కాగితాన్ని పెద్ద డాక్టర్ ముందు పెట్టారు. గొడవేమీ జరగలేదు. ఆయన చాలాసేపు చూసి ఇంజెక్షన్ ఆపేసి, బదులుగా లినెజోలిడ్ అనే మాత్ర రాశారు. ఇంకో రెండు నెలలు ఆగి ఉంటే ఎడమ చెవి కూడా దక్కేది కాదేమో.

ఆ రోజుల్లోనే నన్ను ఇంకో బృందం కూడా పిలిచింది. వాళ్లదీ మొదటి మాట ఇదే, డాక్టర్లు చెప్పింది గుడ్డిగా నమ్మొద్దు. చెవి పోయి, వాంతులతో ఒళ్లు గుల్లయి ఉన్నప్పుడు ఆ మాట ఎంత తియ్యగా ఉంటుందో చెప్పలేను. కానీ వాళ్లు నా రిపోర్టులు చూస్తామని అనలేదు, మాత్రలన్నీ పారేసి రమ్మన్నారు. నాతో పాటు మందులు వాడుతున్న ఒకాయన అలాగే పారేశాడు, కొన్ని నెలలకు తెమడలో మళ్లీ టీబీ సూక్ష్మజీవి కనపడింది. డాక్టర్లను, ప్రభుత్వాన్ని నిలదీసేవాళ్లందరినీ ఒకే గాటన కట్టేస్తే నాకు కోపం అందుకే. దక్షిణాఫ్రికాలో అప్పటి అధ్యక్షుడు ఎంబెకీయే హెచ్‌ఐవీతో ఎయిడ్స్ వస్తుందా అని సందేహాలు లేవనెత్తుతుంటే, మందు కావాలని కోర్టుకెక్కింది ట్రీట్‌మెంట్ యాక్షన్ క్యాంపెయిన్ అనే ప్రజా బృందం. తల్లి నుంచి బిడ్డకు హెచ్‌ఐవీ సోకకుండా గర్భిణులకు నెవిరాపిన్ అనే మందు ఇవ్వాలని 2002లో రాజ్యాంగ న్యాయస్థానం తీర్పిచ్చింది. అక్కడ సైన్సు పక్షాన నిలబడింది రోగులు.

మా విషయంలోనూ అంతే. మందు లేక కాదు. ఎండీఆర్ టీబీకి వాడే బెడాక్విలిన్ అనే మాత్రకు అమెరికాలో 2012 డిసెంబర్‌లోనే అనుమతి వచ్చింది. మన దేశంలో 2016లో ఆరు కేంద్రాల్లో మాత్రమే మొదలుపెట్టారు. 2017 జనవరి నాటికి, కూతురికి ఆ మందు ఇప్పించడానికి ఒక తండ్రి ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. నన్ను ప్రాణమా, చెవులా అని అడిగిన ఏడాదే అది. 2018 జూన్‌లో దక్షిణాఫ్రికా ఇంజెక్షన్ల బదులు బెడాక్విలిన్ ఇస్తామని ప్రకటించింది, ఆగస్టులో ప్రపంచ ఆరోగ్య సంస్థ కనామైసిన్ వాడొద్దని చెప్పింది. ఆ వార్త చదివేటప్పటికి నా కోర్సు ఇంకా నడుస్తోంది. సంతోషపడాలో ఏడవాలో తెలియలేదు, కాగితం మీద రాసి అక్కకు చూపిస్తే ఆమె చాలాసేపు ఏమీ రాయలేదు.

చికిత్సలో వినికిడి పోగొట్టుకున్న ఇద్దరు, మన దేశం నుంచి నందిత వెంకటేశన్, దక్షిణాఫ్రికా నుంచి ఫుమేజా టిసిలె, బెడాక్విలిన్ మీద జాన్సన్ అండ్ జాన్సన్ ఇంకొన్నేళ్లు పేటెంట్ పొడిగించుకోకుండా 2019లో మన పేటెంట్ ఆఫీసులో అభ్యంతరం వేశారు. 2023 మార్చిలో గెలిచారు. అంటే మిగతా కంపెనీలు కూడా ఆ మందు తయారు చేయడానికి దారి తెరుచుకుంది. వాళ్లకు పోయిన వినికిడి దీనివల్ల తిరిగి రాదు, అది తెలిసే నాలుగేళ్లు దాని వెంట పడ్డారు.

నా కోర్సు 2019లో అయిపోయింది. తెమడ పరీక్షలు అన్నీ నెగెటివ్, పోయిన బరువు వచ్చింది. కుడి చెవికి మిషన్ పెట్టుకుంటాను, హోరు మాత్రం పోలేదు, అలవాటైంది.

ఇప్పుడు కొత్తగా వచ్చేవాళ్లకు ఆరు నెలల కోర్సు, అన్నీ మాత్రలే. దానికి 2024 సెప్టెంబర్‌లో మన దేశంలోనూ అనుమతి వచ్చింది. కానీ అందులో లినెజోలిడ్ ఉంది, అది కొందరికి నరాలను, చూపును, రక్తాన్ని దెబ్బతీస్తుంది. అందుకే మా బృందంలోకి ఎవరొచ్చినా ముందు అరికాళ్ల గురించి, కళ్ల గురించి అడుగుతాం. పోయిన వారం ఒకమ్మాయి వచ్చింది, రెండు వారాలుగా పాదాలు తిమ్మిరిగా ఉంటున్నాయట, చెప్తే బలహీనత అన్నారట. కాగితం ఇచ్చి ఏ రోజు మొదలైందో, ఎంతవరకు పాకిందో రాయమన్నాను. సోమవారం ఆ కాగితం పట్టుకుని తనతో పాటు నేనూ వెళ్తున్నాను.