మామ్మ పేరు

తమ్ముడికి కూతురు పుట్టి వారమవుతోంది, ఇంట్లో పేరు గొడవ ఇంకా తెగలేదు. మధ్యాహ్నం శ్రీకాకుళంలో సూర్యమహల్ దగ్గర మా షాపులో బేరాల్లేక కూర్చుంటే వాడే ఫోన్ చేశాడు. అన్నా, అమ్మకి నువ్వే చెప్పు, మామ్మ పేరొద్దు, ఆద్య అని పెట్టుకుంటాం, నీ పేరుతో నువ్వు పడ్డ బాధ నా కూతురికెందుకు అన్నాడు.

నా పేరు సోంబారు, ఇంటిపేరు సవర. సీతంపేట కొండల్లో మా ఊళ్ళో (2022 నుంచి అది పార్వతీపురం మన్యం జిల్లా, నాకింకా శ్రీకాకుళమనే నోటికొస్తాది) ఈ పేరు విని ఎవరూ తల తిప్పి చూడరు, అదే కింద హైస్కూల్లో చేరినప్పటి నుంచీ సోంబేరి సోంబేరి అని ఒకటే పాట, హాజరు పిలిస్తే చాలు వెనక బెంచీ దాకా నవ్వు. తమ్ముడు చదివిన చోట ఓ మాస్టారు ఇంట్లో ఎవర్నీ అడక్కుండా రిజిస్టర్లో సురేష్ అని రాసీశారు. ఆధార్లో, పెళ్ళి కార్డులో అన్నిట్లో ఇప్పుడు సురేషే, అమ్మ ఒక్కర్తే పాత పేరుతో పిలుస్తాది.

మా సవర తెగలో పేరంటే నచ్చింది పెట్టుకోడం కాదు. పోయిన పెద్దోళ్ళ పేరు పుట్టిన బిడ్డకి పెడతారు, ఆ మనిషి మళ్ళీ ఇంటికొచ్చినట్టే. నాది తాతకి అన్నగారి పేరు. ఆయన్ని నేను చూడనేలేదు గానీ చిన్నప్పుడు మామ్మ అన్నం పెట్టి, మా భాషలో, బావగారూ తినండి అనేది, నవ్వులాటకి కాదు, నిజంగానే, నాకు అయిదేళ్ళు కూడా లేవప్పుడు. మామ్మ పోయాక గోడకి ఎర్రమట్టి పూసి బియ్యప్పిండితో ఎడిసింగ్ బొమ్మలు వేశారు. ఇప్పుడు ఈ పిల్ల పుట్టింది. అమ్మ ఎందుకంత పట్టుబడుతోందో నాకు తెలుసు.

డిగ్రీలో ఒక ఆగస్టు 29న లెక్చరర్ గిడుగు రామమూర్తి గారి గురించి చెప్తూ, ఆయన పర్లాకిమిడిలో ఉండగా సవర భాష నేర్చుకున్నారని, సవర పిల్లలకి బడులు పెట్టారని, 1931లో ఆ భాష మీద పుస్తకం అచ్చైందని చెప్పారు. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన మనిషి మా మాట కోసం అంత కష్టపడ్డారా అని ఒళ్ళు పులకరించింది, ఆ రోజు నుంచి ఎవరడిగినా సవర సోంబారు అని గట్టిగానే చెప్తున్నా.

తమ్ముడి భయం ఉత్తిది కాదు, వాడు నన్ను చూస్తూ పెరిగాడు. కానీ ఇప్పుడు ఏ క్లాసుకెళ్ళినా సగం పేర్లు నోరు తిరగనివే, అవన్నీ నేర్చుకునే టీచర్లు మామ్మ పేరూ నేర్చుకుంటారు, అదే చెప్పాను. 21 రోజుల్లో పుట్టుక రిజిస్టర్ చేయించాలి గానీ పేరు ఏడాదిలోపు ఎప్పుడైనా రాయించొచ్చు, ఫీజుండదు, తొందరపడకు అన్నాను.

ఆదివారం పొద్దున్నే పాలకొండ మీదుగా ఊరెళ్తున్నా. మరదల్ని కూడా అడగాలి, ఇంతమందిమి వాదించుకుంటున్నాం గానీ ఆవిడ ఏమంటుందో ఎవరూ అడిగినట్టు లేదు.