హెర్మీస్ మునిగిన టర్ను: ఈమెయిల్ యుద్ధంలో నా అనుభవం

నిన్న రాత్రి ఇంగ్లండు నుంచి వచ్చిన ఈమెయిల్‌లో ఒకే ఒక్క పంక్తి ఉంది: "వెర్షన్ తేడా ఉన్నమాట నిజమే, తర్వాతి టర్ను జతచేశాను." నలుగురిలో నన్ను మోసగాడన్న పెద్దమనిషి ఇచ్చుకున్న సంజాయిషీ అంతా అదే. ఈమెయిల్ ద్వారా యుద్ధ క్రీడలు ఆడదామనుకునే మనవాళ్ళకు ఆట నియమాలు చెప్పేవారు చాలామందే దొరుకుతారు గాని, ఎదుటివాడు అనుమానిస్తే ఏం చేయాలో చెప్పేవారు నాకైతే దొరకలేదు. కోపం చల్లారకముందే ఆ సంగతులు రాసిపెడుతున్నాను.

మేము ఆడుతున్నది 2009లో మ్యాట్రిక్స్ గేమ్స్ విడుదల చేసిన 'వార్ ఇన్ ద పసిఫిక్: అడ్మిరల్స్ ఎడిషన్' అన్న కంప్యూటరు ఆట. పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగిన 1941 డిసెంబరు 7న మొదలయ్యే పెద్ద క్యాంపెయిన్ 1946 మార్చి దాకా సాగుతుంది. ఒక టర్ను, అంటే ఇద్దరి ఆజ్ఞలతో సాగే ఒక వంతు, ఆటలో ఒక రోజు. చివరిదాకా ఆడితే పదిహేను వందలకు పైగా టర్నులవుతాయి కనుక, రోజుకొకటి తప్పకుండా పంపుకున్నా నాలుగేళ్ళు దాటుతుంది. మ్యాపులో ఒక్కో గడి 40 నాటికల్ మైళ్ళు. అందులో మన తూర్పు కోస్తా కూడా ఉంటుంది. నేను జపాన్ పక్షం, ఆయన మిత్రపక్షాలు.

ప్రత్యర్థిని వెతుక్కోవడం, పాస్‌వర్డులు పెట్టుకోవడం పెద్ద కష్టమేమీ కాలేదు. హౌస్ రూల్స్, అంటే మాలో మేము పెట్టుకున్న నియమాలు, కూడా ఒక సాయంత్రంలో తేలిపోయాయి: నాలుగు ఇంజన్ల బాంబర్లను తక్కువ ఎత్తులో ఓడల మీదికి పంపకూడదని, ఒక కమాండుకు కట్టుబడిన దళాన్ని పొలిటికల్ పాయింట్లు (దళాలను బదిలీ చేయడానికి ఆటలో ఖర్చుపెట్టేవి) చెల్లించకుండా సరిహద్దు దాటించకూడదని రాసుకున్నాం. జపాన్ తరఫున మొదటి టర్నుకు ఆజ్ఞలివ్వడం మాత్రం ఓపికకు పరీక్షే, ఎందుకంటే ప్రతి ఓడకూ ప్రతి స్క్వాడ్రనుకూ ప్రతి డివిజనుకూ ఆ ఒక్క రోజునే పని చెప్పాలి. ఆ ఓపికకు ఫలితం దక్కిందని చెప్పుకోవడానికి నేను మొహమాటపడను. సుమత్రాలోని పాలెంబాంగ్ చమురు శుద్ధి కేంద్రాలను పెద్దగా దెబ్బతినకుండా చేజిక్కించుకున్నాను. ఈ ఆట తెలిసినవారికి అది చిన్న విషయం కాదని తెలుసు.

తగవు ఎలా వచ్చిందో అర్థం కావాలంటే ఫైళ్ళ రాకపోకలు తెలియాలి. జపాన్ ఆడేవాడు ముందుగా ఆజ్ఞలిచ్చి ఫైలు పంపుతాడు. మిత్రపక్షం ఆడేవాడు తన ఆజ్ఞలు చేర్చి తిప్పి పంపుతాడు. ఆ రోజు యుద్ధ ఫలితం తేలేది మాత్రం జపాన్ ఆడేవాడి కంప్యూటరులోనే. అంటే ఏం జరిగిందో ముందు చూసేవాణ్ణి నేను. తర్వాతే రీప్లే (ఆ రోజు పోరును తెరమీద చూపేది), సేవ్ ఫైలు (ఆ రోజు ముగిసేసరికి ఆట ఉన్న స్థితి), కాంబాట్ రిపోర్టు (పోరు ఫలితాల చిట్టా) అవతలివారికి వెళ్తాయి. ఫలితం నచ్చకపోతే మళ్ళీ నడిపి నచ్చినది పంపాడేమోనన్న అనుమానం ఈ ఏర్పాటులోనే దాగి ఉంది. ఇది కంప్యూటర్లతో పుట్టిన అనుమానం కూడా కాదు. అమెరికాలో ఆవలాన్ హిల్ అన్న కంపెనీ బోర్డు ఆటలను ఉత్తరాల ద్వారా ఆడిన కాలంలో, పాచిక ఎవరు వేయాలి, వేసినవాణ్ణి ఎలా నమ్మాలి అన్న చిక్కును తప్పించుకోవడానికి, ముందే అనుకున్న రోజు పత్రికలో అచ్చయ్యే స్టాక్ మార్కెట్ అమ్మకాల చివరి అంకెలను పాచికలుగా వాడేవారు. మాకు అటువంటి పత్రిక లేదు. ఎదుటివాడి మాటే పత్రిక.

ఆటలో 1942 ఏప్రిల్ వచ్చేసరికి నా విమాన వాహక నౌకలు బంగాళాఖాతంలో ఉన్నాయి. చరిత్రలోనూ జపాన్ వాహక నౌకలు అప్పుడు ఆ చుట్టుపక్కలే ఉన్నాయి: ఏప్రిల్ 5న కొలంబో మీద దాడి చేశాయి, ఏప్రిల్ 6న ర్యూజో అన్న వాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి, ఏప్రిల్ 9న బ్రిటిష్ వాహక నౌక హెర్మీస్ శ్రీలంక తూర్పు తీరానికి దగ్గరలో మునిగింది. విశాఖ రేవు ఉన్న గడి మీద మౌస్ పెట్టి దాడికి ఆజ్ఞ ఇవ్వడానికి, ఆ ఊరివాణ్ణయిన నాకు చేయి రాలేదు. ఆ గడిని వదిలేసి శ్రీలంకలోని ట్రింకోమలీ రేవు వైపు తిరిగాను. అక్కడ ఆయన హెర్మీస్ దొరికింది. నా డైవ్ బాంబర్లు దాన్ని ముంచేశాయి. కాంబాట్ రిపోర్టులో ఓడ పేరు, దాని పక్కన బాంబు దెబ్బల లెక్క, ఆ పక్కనే మునిగిందన్న మాట స్పష్టంగా ఉన్నాయి.

మర్నాడు వచ్చిన ఉత్తరంలో టర్ను లేదు. తన రీప్లేలో హెర్మీస్‌కు ఒక్క బాంబే తగిలిందని, పొగ కక్కుతూనే తప్పించుకుందని, అదే టర్నులో నావి చాలా విమానాలు కూలాయని, రిపోర్టులో మాత్రం అంతా తారుమారుగా ఉందని, ఇందుకు కారణం తాను చెప్పనక్కర్లేదని రాశాడు. చెప్పనక్కర్లేదన్న మనిషి మా ఇద్దరికీ తెలిసిన ఆటగాళ్ళందరికీ అప్పటికే చెప్పేశాడు. వారిలో ఒకరు నాతో మొదలుపెట్టాల్సిన ఆటను ఏ కారణమూ చెప్పకుండా వాయిదా వేశారు. ముఖం చూడని మనుషుల దగ్గర మనకున్నది పరువొక్కటే, అది పోతే ఆడడానికి మనిషే దొరకడు.

సేవ్ ఫైలు తెరిచి తన ఓడల జాబితా చూసుకోమని రాశాను, హెర్మీస్ అందులో ఉండదు కదా అని. మళ్ళీ నడిపి పంపిన సేవ్‌లో ఎందుకుంటుందని ఆయన జవాబు. నిజంగా మోసం చేసేవాడు రెండో ఫలితానికి తగిన రీప్లేనే పంపుతాడు గాని, తనను పట్టించే పాత రీప్లేను జతచేసి పంపుతాడా అని అడిగాను. దానికి జవాబే రాలేదు. ఆ తర్వాత చాలా ఉదారంగా ఒక ప్రతిపాదన చేశాడు: శాంతి కోసం ఆ టర్నును మరొకసారి నడుపుదాం, ఏది వస్తే దానికి కట్టుబడదాం. ఆ ఉత్తరం చదివినంతసేపు నా చెవులు వేడెక్కాయి. ఒప్పుకుంటే మోసాన్ని ఒప్పుకున్నట్లు, ఒప్పుకోకపోతే దాచేది ఏదో ఉన్నట్లు. మర్యాదగల మాటలతో మనిషిని శకునిని చేయడం అంటే ఇదే. నేను ఒప్పుకోలేదు, ఆట ఆగిపోయింది.

అసలు సంగతి ఏమిటంటే, ఈ ఆటలో రీప్లే అనేది వీడియో వంటిది కాదు. చూసేవారి కంప్యూటరే ఆ రోజు పోరును మళ్ళీ లెక్కగట్టి చూపిస్తుంది. రెండు వైపులా ఒకే వెర్షను లేకపోతే ఆ లెక్క దారి తప్పి, తెరమీద ఒకటి, రిపోర్టులో మరొకటి కనిపిస్తాయి. అటువంటప్పుడు నమ్మవలసినవి రిపోర్టు, సేవ్ ఫైలు. అందుకని ఆయన ఆట ఏ వెర్షనులో ఉందో కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి పంపమని అడిగాను. తన కంప్యూటరును తనిఖీ చేసే అధికారం నాకెవరిచ్చారన్నాడు. నా నిజాయితీని తనిఖీ చేసే అధికారం మాత్రం ఆయనకు పుట్టుకతోనే వచ్చినట్లుంది.

చివరకు మా ఇద్దరితోనూ ఆడిన ఆస్ట్రేలియా ఆటగాడు ఒకాయన మధ్యవర్తిగా ఉంటానన్నారు. ఆయన దగ్గర ఉన్నది నా వెర్షనే. అదే రీప్లేను ఆయన తన కంప్యూటరులో నడిపితే హెర్మీస్ నా రిపోర్టులో ఉన్నట్లుగానే మునిగింది. ఆ మాట ఆయన నోట విన్న తర్వాత గాని మా ఇంగ్లండు పెద్దమనిషి తన వెర్షను సంఖ్య బయటపెట్టలేదు. మరొకరితో కొత్త ఆట మొదలుపెట్టడానికి మధ్యలో కొత్త అప్‌డేట్ వేసుకుని, మా ఆటకు అది వర్తిస్తుందన్న ఆలోచనే లేకుండా ఊరుకున్నాడు. ఆ మధ్యవర్తికి నేను రుణపడి ఉన్నాను. ఆయన అడిగితే అమెరికా పక్షమైనా ఆడతాను.

కొత్తగా ఆడేవారు మొదటి టర్నుకు ముందే ఇద్దరి వెర్షను సంఖ్యలూ హౌస్ రూల్స్‌లో రాసుకోవాలి, ఆట మధ్యలో అప్‌డేట్ వేసుకోవాలంటే ఇద్దరూ ఒకే రోజున వేసుకోవాలి. జరిగిన ప్రతి టర్నుకూ ఆటలోని తేదీతో ఒక ఫోల్డరు పెట్టి సేవ్, రీప్లే, రిపోర్టు మూడూ దాచాలి. నా దగ్గర అవి లేకపోతే మధ్యవర్తి చూడడానికి ఏమీ ఉండేది కాదు. ఓడ మునిగిన ప్రతిసారీ గణాంకాలు వల్లించే ప్రత్యర్థితో పెద్ద క్యాంపెయిన్ మొదలుపెట్టకూడదు. చిన్న సినారియో ఒకటి ఆడి, ఓడినప్పుడు ఆయన ఎలా రాస్తాడో చూసుకున్నాకే నాలుగేళ్ళ ఆటకు ఒప్పుకోవాలి. నన్నడిగితే ఇది వెర్షను సంఖ్యకన్నా ముఖ్యం.

ఆటను కొనసాగించడానికి ఒప్పుకున్నాను. నన్ను గురించి ఎవరెవరికి రాశాడో వారందరికీ అసలు కారణం తానే రాయాలన్నది నా మొదటి షరతు, ప్రతి ఈమెయిల్ మొదటి పంక్తిలో వెర్షను సంఖ్య ఉండాలన్నది రెండవది. నిన్నటి దాంట్లో ఆ సంఖ్య లేదు. ఫైలు తెరవకుండానే తిప్పి పంపాను.